పదిహేనా, ఇరవై రెండా?

ఇంగ్లండులోని రెడింగ్‌లో, 1930లలో కట్టిన ఇల్లు. ఒక పక్క గోడ పక్కింటివాళ్ళది కూడా. మూడు పడకగదులు, రెండు స్నానాల గదులు. కొనుక్కున్నది బావమరిది; సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కోనసీమలో గ్యాస్ పైపులైన్ల మీద చిరకాలం పనిచేసి రిటైరై కాకినాడలో స్థిరపడిన బావ, భార్యతో కలిసి అతని దగ్గరికి వచ్చాడు. వాళ్ళు దిగిన వారంలోనే హాల్లో చలిమంట గూడు వెనక ఉన్న పాత బాయిలర్ మొరాయించింది. కొత్తది పెట్టడానికి ఇద్దరు ఫిట్టర్లు రెండు కొటేషన్లు ఇచ్చారు. బాయిలర్ ఒకటే, కంపెనీ ఒకటే, ధరలో తేడా మాత్రం ఐదు వందల పౌండ్లు. ఆ తేడా అంతా గ్యాస్ పైపుది. నేను మధ్యలో కూర్చుని విన్నాను. రాసేటప్పుడు నా మాట అక్కడక్కడ పడింది.

బావమరిది: మీరే చెప్పండి బావా. మొదటివాడు వంటింట్లో పొయ్యికొచ్చే 15 మి.మీ. రాగి పైపుకి టీ వేసి, దాన్నుంచే బాయిలర్‌కి కలిపేస్తానన్నాడు. ఒక్కరోజు పని. రెండోవాడు వీధివైపు మీటరు దగ్గర్నుంచి కొత్త పైపు లాగాలంటాడు. కొంతదూరం 28 మి.మీ., తర్వాత 22. హాల్లో కార్పెట్ తీసి నేలచెక్కలు లేపాలట, రెండు రోజులట. గ్యాస్ వస్తున్న పైపు గోడలో ఉండగా ఇంకో పైపు దేనికి? డబ్బు గుంజడానికి కాకపోతే?

బావ: వస్తోందోయ్, పొయ్యికి వస్తోంది. బాయిలర్‌కి సరిపడా వస్తుందా అని అడగాలి నువ్వు.

బావమరిది: ఇన్నేళ్ళూ బాయిలర్ నడిచింది కూడా ఆ పైపు మీదేగా?

బావ: ఆ బాయిలర్ వేరు, అది ఉన్న చోటు వేరు. హాల్లో ఉండేది, మీటరుకి దగ్గర. తాగే గ్యాస్ గంటకి ఒక ఘనపు మీటరున్నర లోపే. ఆ కాస్త దూరానికి, ఆ కాస్త గ్యాస్‌కి 15 మి.మీ. సరిగ్గా సరిపోయింది. వేసినవాడు లెక్క తెలిసినవాడే. ఇప్పుడు నువ్వు బాయిలర్‌ని ఇంటి వెనక వంటగదిలోకి తీసుకెళ్తున్నావు, దాని ఆకలిని రెండున్నర రెట్లు చేస్తున్నావు. పైపు మాత్రం పాతదే ఉండాలంటున్నావు.

బావమరిది: రెండున్నర రెట్లు ఎలా అయింది? 35 కిలోవాట్లని డబ్బా మీదే రాసుంది.

బావ: అది నీళ్ళకి అందే వేడి. లోపలికి వెళ్ళాల్సిన గ్యాస్ అంతకంటే ఎక్కువ. పైగా ఇక్కడ ఒక మెలిక ఉంది. మాన్యువల్లో ఇన్‌పుట్ 36 అని ఉంటుంది, అది నెట్ లెక్క. గ్యాస్ కాలితే నీటి ఆవిరి పుడుతుంది కదా, ఆ ఆవిరిలో దాగిన వేడిని వదిలేసి వేసే లెక్క. పైపుకి ఆ తేడా పట్టదు, గ్యాస్ మొత్తం మోయాలి. అందుకని గ్రాస్ పట్టుకోవాలి. నెట్‌ని 1.11తో హెచ్చవేస్తే 40 కిలోవాట్లు. ఇక్కడి గ్యాస్ ఘనపు మీటరుకి సుమారు 39 మెగాజౌళ్ళు ఇస్తుంది. నలభైని 3.6తో హెచ్చవేసి 39తో భాగించు.

బావమరిది: (ఫోన్‌లో చూసి) 3.69.

బావ: గంటకి 3.7 ఘనపు మీటర్లు అనుకో. నీ పొయ్యి నాలుగు బర్నర్లూ వెలిగిస్తే ఏడు కిలోవాట్లు, అంటే మరో 0.65. రెండూ కలిపి 4.35. మీటరు గంటకి 6 దాకా ఇస్తుంది కాబట్టి దాని గొడవ లేదు. మిగిలింది పైపు.

బావమరిది: సరే, 4.35. ఆ పైపులోంచి పోదని ఎవరన్నారు?

బావ: పోతుంది, కానీ దారిలో ఒత్తిడి చెల్లించుకుంటూ పోతుంది. మీటరు దగ్గర రెగ్యులేటర్ 21 మిల్లీబార్లు పెట్టి పంపిస్తుంది, రెండు అటూ ఇటూ. మన కాకినాడలో పైపు గ్యాస్‌కీ ఇదే 21. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 6891 ఏమంటుందంటే, ఇంట్లో అన్నీ పూర్తిగా మండుతున్నప్పుడు కూడా మీటరుకీ పరికరానికీ మధ్య పైపులో పోయేది ఒక్క మిల్లీబారు మించకూడదు. 21తో బయల్దేరితే 20 చేరాలి.

బావమరిది: ఒక్క మిల్లీబారు! మీరు జీవితమంతా 50 బార్ల లైన్లు చూసినవాళ్ళు. ఇక్కడికొచ్చి బారులో వెయ్యోవంతు కోసం నా హాలు తవ్విస్తానంటున్నారు.

బావ: 50 బార్లలో ఒక బారు పోతే అక్కడ ఎవడూ తల తిప్పి చూడడు. ఇక్కడ మొత్తం ఉన్నదే 21 మిల్లీబార్లు. యూ ఆకారపు గాజు గొట్టంలో నీళ్ళు పోసి చూస్తే 21 సెంటీమీటర్ల ఎత్తు, అంతే. ఒక మిల్లీబారంటే ఒక సెంటీమీటరు నీళ్ళు. ఉన్న ఆస్తి అంత తక్కువ కాబట్టే ఇంత లెక్క.

ఫిట్టర్ల దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఫలానా మందం పైపు ఫలానా పొడవున ఒక మిల్లీబారు నష్టంతో గంటకి ఎంత గ్యాస్ మోస్తుందో అందులో ఉంటుంది. పొడవంటే టేపు పెట్టి కొలిచింది ఒక్కటే కాదు. ప్రతి ఎల్బోకీ, ప్రతి టీకీ అర మీటరు చొప్పున కలపాలి. మలుపు దగ్గర గ్యాస్ పడే ఇబ్బందికి అది పరిహారం. ఈ ఇంట్లో మీటరు నుంచి బాయిలర్ చోటికి పైపు 11 మీటర్లు, ఎల్బోలు ఏడు, టీ ఒకటి. మొత్తం 15 మీటర్లు. బావ రెండో ఫిట్టర్ ఇచ్చిన కాగితం వెనక్కి తిప్పి మూడు అంకెలు వేశాడు: 15 మీటర్ల పొడవుకి 15 మి.మీ. పైపు 1.1 ఘనపు మీటర్లు, 22 మి.మీ. పైపు 3.4, 28 మి.మీ. పైపు 7.

బావమరిది: ఆగండి. పదిహేను నుంచి ఇరవై రెండుకి ఒకటిన్నర రెట్లు కూడా లేదు. మోసేది మూడు రెట్లు ఎలా పెరిగింది? అడ్డుకోత వైశాల్యం చూసుకున్నా రెండు చిల్లర రెట్లే కావాలి.

బావ: ఇప్పుడు దారిలోకొచ్చావు. ముందు ఒక సంగతి. ఇక్కడి రాగి పైపుని బయటి కొలతతో పిలుస్తారు. పదిహేను పైపు లోపల 13.6, ఇరవై రెండు పైపు లోపల 20.2. వైశాల్యం నువ్వన్నట్టే రెండు చిల్లర రెట్లు. కానీ గ్యాస్‌ని ఆపేది గోడ రాపిడి. సన్న పైపులో ప్రవాహంలో ఎక్కువ భాగం గోడకి దగ్గరగానే పోవాలి, పైగా వేగంగా పోవాలి. రెండూ కలిసి నష్టాన్ని ఎక్కడికో తీసుకెళ్తాయి. లోపలి వ్యాసానికి దాదాపు ఐదో ఘాతం. అదే గ్యాస్, అదే దూరం, పదిహేను బదులు ఇరవై రెండు వేస్తే నష్టం ఏడో వంతుకి పడిపోతుంది. ఇది 19వ శతాబ్దంలోనే విలియం పోల్ అనే ఇంజనీరు సూత్రం కట్టి పెట్టాడు. ఆయన విస్ట్ పేకాట మీద కూడా పుస్తకం రాశాడు, తెలుసా?

బావమరిది: అందుకే మీకు నచ్చాడన్నమాట.

బావ: అందుకూ నచ్చాడు. ఇప్పుడు ప్రవాహం వైపు చూడు. గ్యాస్ రెట్టింపు లాగితే నష్టం రెట్టింపు కాదు, మూడున్నర రెట్లవుతుంది. 1.1 మోసే పైపులోంచి 3.7 లాగావనుకో, తొమ్మిది మిల్లీబార్ల దాకా దారిలోనే పోతాయి. పొయ్యి కూడా వెలిగితే పన్నెండు దగ్గరికి. ఇరవై ఒకటిలో సగం పైగా పైపే మింగేస్తుంది. నిజానికి అప్పుడు అంత గ్యాస్ రానే రాదు. బాయిలర్ అడుగుతూ ఉంటుంది, పైపు ఇవ్వలేకపోతూ ఉంటుంది.

బావమరిది: ఇవ్వలేకపోతే ఏమవుతుంది? పేలుతుందా?

బావ: పేలదు.

బావమరిది: విషవాయువా?

బావ: ఈ కాలపు బాయిలర్లలో గ్యాస్ తగ్గితే మంట పలచబడుతుంది, చివరికి బాయిలరే ఆగిపోతుంది. భయపెట్టి నిన్ను ఒప్పించను. నువ్వు 35 కిలోవాట్లకి డబ్బు కట్టి అంతకంటే బాగా తక్కువ బాయిలర్ తెచ్చుకున్నట్టు. షవర్ కింద నిలబడ్డాక నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి, మంట ఒక్కోసారి అంటుకోక మొండికేస్తుంది. అంతే.

బావమరిది: అంతేనా! అయితే ప్రమాదం లేనప్పుడు ఈ రాద్ధాంతం ఏమిటి? ఇంకో మాట. మొదటివాడు ఊరికే అనలేదు. ఇప్పటి బాయిలర్లలో ఫ్యాను గాలి లాగితే ఆ గాలికి తగ్గట్టు గ్యాస్ వాల్వే సర్దుకుంటుందట. లోపలికొచ్చే ఒత్తిడి కాస్త తగ్గినా మంట చెడదట. కొన్ని కంపెనీలు తక్కువ ఒత్తిడిలోనూ పూర్తి సామర్థ్యం ఇస్తుందని రాసిస్తున్నాయి. బాయిలర్ చేసినవాడు చాలంటే, మీ ప్రమాణం చాలదంటుందా? అదేమన్నా చట్టమా?

ఇక్కడ బావమరిది వాదనకి బలముందని నాకనిపించింది. ప్రమాణం ప్రమాణమే తప్ప చట్టం కాదు. పాతకాలపు బర్నర్ తనకి అందే ఒత్తిడి మీదే పూర్తిగా ఆధారపడేది. ఇప్పటిది అలా కాదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళే దీని మీద రెండుగా చీలి ఉన్నారు. బావ కూడా వెంటనే జవాబు చెప్పలేదు.

బావ: అది నిజమే. గాలి వెంట గ్యాస్ నడిచే వాల్వ్ మంచి ఏర్పాటు, ఇరవై బదులు పద్దెనిమిది వచ్చినా సర్దుకోవచ్చు. కానీ పన్నెండుతో సర్దుకోమని ఏ కంపెనీ రాసింది? మాన్యువల్ తెరువు. ఎంత తక్కువకి ఒప్పుకుంటుందో అంకె చూపించు, ఆ అంకె దగ్గర పూర్తి సామర్థ్యం ఇస్తుందో లేదో కూడా చూడు. ఇంకోటి. ఆ పైపు మీద బాయిలర్ ఒక్కటే లేదు, మీ అక్క దోసెలు పోసే పొయ్యి కూడా ఉంది. బాయిలర్ తెలివైనదే, సర్దుకుంటుంది. పొయ్యికి ఆ తెలివి లేదు. పైన నువ్వు షవర్ తిప్పగానే కింద సిమ్‌లో ఉన్న మంట కుంగుతుంది, ఆరినా ఆరుతుంది. ఆరితే గ్యాస్ ఆపే పరికరం పొయ్యిలో ఉందనుకో. అది ఉందనే ధైర్యంతో పైపు సన్నగా వేస్తామా?

బావమరిది: సరే, పైపు జోలికి పోవద్దు. మీటరు దగ్గర రెగ్యులేటర్ కాస్త పెంచితే? 21 బదులు 30. మన ఇళ్ళల్లో సిలిండర్ రెగ్యులేటర్ ముప్పైకి ఇవ్వట్లేదూ?

బావ: దానికి సీలు ఉంటుంది, చూశావా? ఆ సీలు ముట్టుకునే అధికారం నీకూ లేదు, నీ ఫిట్టర్‌కీ లేదు. అయినా నీ పొయ్యి జెట్లు ఇరవైకి తవ్వినవి. రాత్రి బాయిలర్ ఆగాక ముప్పై మొత్తం పొయ్యి మీద పడుతుంది. సిలిండర్ గ్యాస్ వేరు, దానికి పొయ్యి జెట్టు కూడా వేరు. ఒత్తిడి పెంచి సన్నపైపుని కాపాడుకోవడం మేం పెద్ద లైన్లలో చేసే పనే, కానీ దానికి ఆ లైనంతా ఆ ఒత్తిడికే కట్టాలి.

బావమరిది: పోనీ మీరే వేసేయకూడదా? ఐదు వందలు మిగులుతాయి.

బావ: నాకు వచ్చని నువ్వనుకుంటే సరిపోదు. ఇక్కడ 2009 నుంచి గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అని ఉంది. అందులో పేరున్నవాడు చేసి కాగితం ఇవ్వాలి. నేను ఇక్కడ అతిథిని.

బావమరిది: అయినా ఈ దేశంలో ఇన్ని కోట్ల ఇళ్ళు సన్నపైపులతోనే బతుకుతున్నాయి. అప్పుడెవడూ ఎందుకు ఏడవలేదు?

బావ: దానికో కథుంది. 1967 నుంచి పదేళ్ళపాటు ఈ దేశం ఇల్లిల్లూ తిరిగి గ్యాస్ మార్చింది. అంతకుముందు బొగ్గు నుంచి, నూనె నుంచి తీసిన గ్యాస్ వచ్చేది. ఉత్తర సముద్రంలో సహజవాయువు దొరికాక ప్రతి పొయ్యికీ, ప్రతి బర్నర్‌కీ కొత్త జెట్లు వేశారు. పాత గ్యాస్‌తో చూస్తే కొత్తదానిలో ఘనపు మీటరుకి రెట్టింపు వేడి. అంటే నేలకింద ఒక్క పైపు కూడా మార్చకుండానే, అదే పరిమాణం గ్యాస్‌తో ప్రతి పైపూ రెట్టింపు శక్తి మోసే స్థితికొచ్చింది. ఆ వెసులుబాటుతో ఒక తరం హాయిగా గడిపేసింది. తర్వాత నువ్వు పెట్టించబోయే రకం, కాంబీ బాయిలర్లు వచ్చాయి. రెట్టింపేమిటి, అంతకు మించి అడిగాయి. ఆ వెసులుబాటు అక్కడితో సరి.

బావమరిది: అసలు ఈ కాంబీకి అంత ఎందుకు? ఇల్లు వెచ్చబెట్టడానికి ఎంత కావాలి?

బావ: అటకమీద దూది పరిచావు, గోడ సందుల్లో నింపించావు. నీళ్ళు గడ్డకట్టే రోజున కూడా ఈ ఇంటికి ఎనిమిది కిలోవాట్ల చుట్టూ చాలు.

బావమరిది: ఎనిమిదా? మరి 35 ఎవరి కోసం?

బావ: షవర్ కోసం. కాంబీకి నీళ్ళు నిల్వ ఉండవు. నువ్వు కుళాయి తిప్పిన క్షణంలో మంట అంటుకుని, పారుతున్న నీళ్ళని పారుతుండగానే కాచాలి. జనవరిలో ఇక్కడ కుళాయి నీళ్ళు ఐదారు డిగ్రీలు. దాన్ని నలభై చేయాలంటే 35 డిగ్రీలు పెంచాలి. 35 కిలోవాట్లు పెడితే నిమిషానికి 14 లీటర్లు వస్తాయి. 24 పెడితే పది. కాకినాడలో కుళాయి నీళ్ళే పాతిక పైన ఉంటాయి. అక్కడ మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్‌తో మనం స్నానం చేసేస్తున్నాం. ఇక్కడి చన్నీళ్ళే నీ పైపుని లావు చేస్తున్నాయి. ఏడాదిలో 8,760 గంటలుంటే, ఈ ముప్పై అయిదు పూర్తిగా మండేది నువ్వు స్నానం చేసే కాసిని నిమిషాలు. లావు పైపు వేసేది ఆ నిమిషాల కోసమే. అదీ మీటరు చూసే సగటు కాదు. జనవరి తెల్లారి ఏడింటికి, పైన షవర్, కింద ఇడ్లీ పొయ్యి, అదిగో ఆ ఒక్క నిమిషం.

బావమరిది: అంటే బాయిలర్‌ని చిన్నది చేస్తే పైపు గొడవే ఉండదంటారు.

బావ: ఆ మాట నీ నోట రావాలనే చూస్తున్నా. పైన బీరువాలాంటి అరలో రాగి ట్యాంకు ఉందిగా, వేణ్ణీళ్ళది? దాన్నెందుకు పీకేస్తున్నావు? పెళ్ళివారింట్లో తెల్లవారి యాభైమంది స్నానాలకి రాత్రే రాగి కాగుల నిండా నీళ్ళు కాచి పెట్టుకోమూ? అప్పుడు పొయ్యి చిన్నదైనా పరవాలేదు, దానికి రాత్రంతా టైముంది. ఆ ట్యాంకు ఉంచు, పదిహేను కిలోవాట్ల మామూలు బాయిలర్ పెట్టు. ముప్పావుగంటలో ట్యాంకు కాగుతుంది. గ్యాస్ గంటకి 1.6, పొయ్యితో కలిపి 2.2. మొదట్నుంచీ చివరిదాకా 22 పైపు వేస్తే అర మిల్లీబారు కూడా పోదు.

బావమరిది: ట్యాంకు ఉంచడం కుదరదు.

బావ: ఎందుకు?

బావమరిది: ఆ అర దేవుడి గది అవుతోంది. తూర్పు ముఖం. ఇంట్లో మాటైపోయింది. పాలరాతి పలక కొలతలు కూడా ఇచ్చేశాం.

(ఇక్కడ బావ చాలాసేపు నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ బావమరిది నవ్వలేదు, అతనిది న్యాయమైన కోరికే. మూడు పడకగదుల ఇంట్లో అడుగున్నర లోతు ఖాళీ దొరకడం ఇంగ్లండులో మాటలు కాదు. కాంబీ బాయిలర్లు ఈ దేశాన్ని ఆక్రమించుకున్నది కూడా ఈ చోటు బలంతోనే.)

బావ: సరే, దేవుడికి చోటివ్వాల్సిందే. ఆ చోటు ఖరీదే ఈ పైపు. అది ఫిట్టర్ మోసం అనకు.

బావమరిది: ఇంకో సంగతుంది. పదిహేనేళ్ళ తర్వాత గ్యాసే ఉండకపోవచ్చు. హీట్ పంప్ పెట్టుకుంటే ప్రభుత్వం ఇప్పటికే 7,500 పౌండ్లు ఇస్తోంది. ఎలాగూ తీసేయబోయే పైపుకి ఇప్పుడు నేల తవ్వడమా?

బావ: ఆ మాటకొస్తే హీట్ పంప్‌కి వేణ్ణీళ్ళ ట్యాంకు కావాలి. అది కాంబీలాగా అప్పటికప్పుడు కాచలేదు. ఇవాళ ట్యాంకు తీసి దేవుణ్ణి పెడతావు, అవాళ దేవుణ్ణి ఎక్కడికి పంపుతావు? నీ వాదన నా వైపు మాట్లాడుతోంది.

బావమరిది: అప్పటి సంగతి అప్పుడు. ఇవాళ్టికి తేల్చండి. 24 కిలోవాట్ల కాంబీ అయితే?

బావ: గ్రాస్ 27 చిల్లర. గ్యాస్ 2.6, పొయ్యితో 3.25. ఇరవై రెండు పైపు మొత్తం పొడవునా 3.4 మోస్తుంది. ఇరవై ఎనిమిది అక్కర్లేదు. నిమిషానికి పది లీటర్లు, ఒక షవర్‌కి బాగానే ఉంటుంది.

బావమరిది: రెండు స్నానాల గదులున్నాయి బావా. మీరూ అక్కా వచ్చారు, పిల్లలు స్కూలుకి, నేను ఆఫీసుకి. ఒకరి తర్వాత ఒకరు అంటే తెల్లారి ఐదుకి లైన్లో నిలబడాలి. పదిని రెండు చేస్తే చెరి ఐదు. ఐదు లీటర్ల కింద తలస్నానం ఎలా?

బావ: పద్నాలుగుని పంచినా చెరి ఏడే. చెంబు పట్టుకో, బక్కెట్టు నింపుకో. మనం పెరిగింది అలాగేగా.

బావమరిది: పిల్లలకి చెప్పండి ఆ మాట. సరే, మధ్యేమార్గం. 30 కిలోవాట్లది ఉంది అదే కంపెనీలో. నిమిషానికి పన్నెండు. దానికి లెక్క నేనే వేస్తాను, మీరు చూస్తూ ఉండండి. గ్రాస్ 34, గ్యాస్ 3.15. పొయ్యి టీ మీటరు వైపే ఉంది: మీటరు నుంచి టీ దాకా ఎల్బోలతో కలిపి ఐదు మీటర్లు, అక్కడ 3.8 మోయాలి. టీ దాటాక పది మీటర్లు, 3.15 ఒక్కటే. మొత్తం 22 పైపే వేస్తే...

అతను ఫోన్ పక్కన పెట్టి ల్యాప్‌టాప్ తెచ్చాడు. ప్రవాహం పెరిగితే నష్టం 1.8 ఘాతంలో పెరుగుతుందని బావ చెప్పాడు. ఐదు నిమిషాల్లో చిన్న ప్రోగ్రాం తయారైంది. అప్పటిదాకా పైపు మీద లేని ఆసక్తి అందులోకి అంకెలు ఎక్కాక వచ్చింది. ముక్కల వారీగా నష్టం కట్టి కలుపుకోవడం, అసలు పద్ధతి అదే. మొత్తం పొడవుకి మొత్తం గ్యాస్ అని గుండుగుత్తగా చూసేవాళ్ళే అక్కర్లేని చోట లావు పైపూ, అక్కరున్న చోట సన్న పైపూ వేస్తారు.

బావమరిది: మొదటి ముక్కలో 0.41. రెండో ముక్కలో 0.58. మొత్తం 0.99! పాసయ్యాం బావా. ఇరవై ఎనిమిది అక్కర్లేదు. మీ ప్రమాణం ఒకటి అంది, నాది ఒకటికి తక్కువే.

బావ: కాగితం మీద.

బావమరిది: కాగితం మీదే కదా ఇందాకట్నుంచి మీరు నన్ను ఓడిస్తున్నది!

బావ: ఏడు ఎల్బోలని లెక్కేశావు. నేల లేపాక దూలం అడ్డొస్తే రెండు ఎల్బోలు పెరుగుతాయి, ఒక మీటరు. పోయింది నీ 0.99. పొయ్యి మార్చి ఐదు బర్నర్లది తెస్తే పోయింది. పట్టిక అంకెలే గుండ్రంగా చేసినవి, అందులో అంత సూక్ష్మం ఎక్కడిది? నేను చేసేవాణ్ణయితే టీ దాకా 28 వేసి, అక్కణ్ణుంచి 22 వేస్తా. మొదటి ముక్కలో నష్టం 0.41 నుంచి 0.11కి పడిపోతుంది. మొత్తం 0.7. దూలాలు ఎన్ని అడ్డొచ్చినా పరవాలేదు.

బావమరిది: పరీక్షలో ముప్పై అయిదుకి ముప్పై అయిదు వచ్చినవాడూ పాసే బావా. ఎల్బో పెరిగితే అప్పుడు చూద్దాం. పని అయ్యాక గేజి పెట్టి కొలుస్తాడుగా?

బావ: కొలవాలి, కొలిపించు. బాయిలర్ పూర్తి మంట మీద, వేణ్ణీళ్ళ కుళాయిలు రెండూ తెరిచి, పొయ్యి నాలుగూ వెలిగించి, మీటరు దగ్గర ఒకసారి, బాయిలర్ దగ్గర ఒకసారి. అన్నీ ఆపేసి కొలిస్తే ఏ పైపైనా రెండు చోట్లా ఒకే అంకె చూపిస్తుంది, గ్యాస్ కదలనప్పుడు నష్టమే ఉండదు కదా. ఆ మోసం మాత్రం జరగనివ్వకు. కానీ కొలిచాక 1.2 వచ్చిందనుకో, అప్పటికి నేలచెక్కలు బిగించేసి, కార్పెట్ పరిచేసి ఉంటాడు. మళ్ళీ లేపిస్తావా?

బావమరిది: (కాసేపాగి) టీ దాకా పైపు ఎంత పొడవు?

బావ: మూడు మీటర్లు. చెక్కలు ఎలాగూ లేపుతున్నాడు, కూలి అదే.

బావమరిది: మూడు మీటర్ల పైపుకి అటు 28, ఇటు 22... వాడు దానికీ వంద వేస్తాడు చూడండి.

బావ: వేస్తే ఆ వంద నేనిస్తాను.

బావమరిది: మీరిస్తే అక్క నన్ను ఈ ఇంట్లో ఉండనిస్తుందా? 28 వేయమని చెప్తాలెండి. బాయిలర్ మాత్రం ముప్పై, ట్యాంకు తీసెయ్యడమే.

బావ: ట్యాంకు తీయడం తప్పంటాను.

బావమరిది: అనండి.